బోర్డు మీద లేని పేరు

సోలాంజ్ గడియ తీయలేదు.

మే నెల మొదటి శనివారం అది. చలికాలమంతా మూసి ఉంచిన ఐస్‌క్రీమ్ వైపు తెరిచే రోజు. పొద్దున్నుంచీ సన్నగా వాన పడుతూనే ఉంది. ఊన్‌సాకెట్ ఊరివాళ్లకి వాన ఒక లెక్కా? గొడుగులు వేసుకుని పిల్లా జెల్లాతో వచ్చేశారు. అలవాటు ప్రకారం ముందు సోలాంజ్ మొగుడు పెరీ వైపు వెళ్లి, బన్నులో సాసేజీ పెట్టి ఇచ్చే వీనర్లు తిన్నారు. తిని, మూతి తుడుచుకుంటూ, ఎప్పటిలాగే ఐస్‌క్రీమ్ కోసం మధ్య తలుపు తోశారు. తలుపు కదల్లేదు.

"ఇదేమిటి, వానకి ఉబ్బి బిగుసుకుపోయిందా?" అని ఒకాయన భుజం ఆనించి నెట్టాడు కూడా.

"బిగుసుకున్నది తలుపు కాదులే నాయనా. అలా వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లు," అంది కౌంటర్ వెనక నుంచి బ్లాంచ్.

బ్లాంచ్ ఆ కొట్లో వడ్డించడం మొదలుపెట్టేనాటికి అది ఒక కొట్టు కాదు, రెండు. ఇటు కరాలిస్ వాళ్ల వీనర్లు, అటు తెరియో వాళ్ల ఐస్‌క్రీమ్. కరాలిస్ వాళ్లబ్బాయి పెరీ, తెరియో వాళ్లమ్మాయి సోలాంజ్ పెళ్లి చేసుకున్నప్పుడు, ఇద్దరు తండ్రులూ కానుకగా మధ్య గోడ పగలగొట్టించి తలుపు పెట్టించారు. చలికాలంలో ఉల్లిపాయల ఆవిరి అటు పోకుండా ఐస్‌క్రీమ్ వైపు గడియ పెట్టారు. ఐస్‌క్రీమ్ అమ్మే రోజుల్లో ఆ గడియని ముట్టుకున్న పాపాన ఎవరూ పోలేదు.

ఈ ఏడు దాకా ఎవరూ పోలేదు. మొన్న గురువారం నాడు కొత్త బోర్డు వచ్చింది.

ఆ బోర్డుని ఇప్పుడు వానలో నిలబడి ఊరంతా చదువుతోంది. 'కరాలిస్ హాట్ వీనర్స్, ఆల్ ది వే.' ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎర్రటి అక్షరాలు. తెరియో అన్న మాటగానీ, ఐస్‌క్రీమ్ అన్న మాటగానీ మచ్చుకైనా లేవు.

*

బ్లాంచ్ నెత్తిన తువ్వాలు కప్పుకుని వీధిలోంచి ఐస్‌క్రీమ్ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ ఆయన కాఫీ సిరప్ సీసా ఒకటి ఇమ్మంటున్నాడు."

"కావాలంటే వచ్చి తీసుకెళ్లమను," అంది సోలాంజ్, తలెత్తకుండా.

"ఎటునుంచి రమ్మంటావు? తలుపేసి ఉందిగా."

"వీధిలోంచి. అందరూ రావడం లేదూ?"

"వానలో తడుస్తాడే."

"తడిస్తే ఆరతాడు. ఉప్పుబొమ్మా కరిగిపోవడానికి?"

బ్లాంచ్ నిట్టూర్చింది. "రాత్రి ఇంట్లో అయినా మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకున్నాం. ఉప్పు అందుకోమన్నాడు. అందించాను."

"అంతేనా?"

"మిరియాలు అడగలేదు."

"మీ ఇద్దరి మధ్యా నా ప్రాణం తీస్తున్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"ఇందులో పాము ఎవరు?"

"అది మీరిద్దరూ తేల్చుకోండి, నాకెందుకు," అని సీసా లాక్కుని బ్లాంచ్ వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగాక గానీ సోలాంజ్ నవ్వలేదు.

కోపం కోపమే గానీ, ఆ పొద్దుటి పూట సోలాంజ్‌కి సంతోషంగానే ఉంది. ఆ మాట ఎవరైనా అంటే ఆవిడ ఒప్పుకోదు. ఐస్‌క్రీమ్ తీసే చెంచా గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, గట్టిగా ఉన్న వెనిలాలోకి దింపి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే గుండ్రంగా చుట్టుకుని వచ్చే ఆ ముద్ద కోసం ఆమె చలికాలమంతా ఎదురుచూసింది. కిటికీ చట్టం కింద నుంచి పైకి చూసే పిల్లలు. ఏం కావాలో ఇంట్లోనే నిర్ణయించుకుని వచ్చి, ఇక్కడికొచ్చాక మనసు మార్చుకుని, వెనకవాళ్ల చేత తిట్లు తినే పిల్లలు. ఎర్ర తోలు స్టూళ్లు, వాటి మీద ఇన్నేళ్లుగా కూర్చుని కూర్చుని జనం చేసిన గుంటలు. ఏ గుంట ఎవరిదో ఆమెకి తెలుసు.

అందులో ఒక గుంట ఎమిల్‌ది. మిల్లు మూసేసినప్పటి నుంచి అతనికి వేరే పని లేదు. అతను లోపలికొచ్చాడు, ఒక చేతిలో వీనర్ల పళ్లెం, దాని మీద వాన పడకుండా కప్పిన టోపీ.

"కాఫీ క్యాబినెట్ ఒకటి కొట్టు సోలాంజ్."

పాలు, కాఫీ సిరప్, ఐస్‌క్రీమ్ కలిపి చిలికిన గ్లాసుని ఆ ఊళ్లో క్యాబినెట్ అంటారు. ఎందుకంటారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. సోలాంజ్ చిలికి అతని ముందు పెట్టింది.

"తలుపు తీసి ఉంటే ఈ తిప్పలు లేకపోను," అన్నాడు ఎమిల్. "నాకు ఒక ముద్ద, ఒక గుక్క. అలా అయితేనే దిగుతుంది. ఇప్పుడు ముద్ద అక్కడా, గుక్క ఇక్కడా. పళ్లెం పట్టుకుని వీధిలో పడ్డాను, పెళ్లి భోజనంలో బంతి దొరకనివాడిలా."

"టోపీ తడిసిపోయింది కదా, ఇటు తే, పొయ్యి పక్కన పెడతాను."

"పొయ్యి ఆ పక్కనేగా ఉంది."

సోలాంజ్ టోపీని పక్క స్టూలు మీద ఆరేసింది.

"మీ తగువు ఎప్పటికి తీరుతుంది?"

"ఎవరికి తగువు?"

"ఊరంతా చెప్పుకుంటోంది."

"ఊరికి పనేం లేదు," అంది సోలాంజ్. అతని గ్లాసులో ఇంకో చెంచాడు ఐస్‌క్రీమ్ వేసింది, నోరు మూయించడానికి.

అసలు కోపం బోర్డుతో మొదలవలేదు. మొన్న జనవరిలో, వంటగదిలో, చుట్టాలబ్బాయితో పెరీ అన్నాడు: "జనం వచ్చేది వీనర్ల కోసమోయ్. ఐస్‌క్రీమ్ తర్వాత మాట." సోలాంజ్ పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు. ఏమీ అనలేదు. అనకుండా దాచుకున్న మాట ఊరుకుంటుందా? వసంతం దాకా లోపలే ఊరింది. గురువారం మధ్యాహ్నం తలెత్తి బోర్డు చూడగానే బయటికొచ్చింది.

*

వాన తెరిపిచ్చే వేళకి ఒక పాత ట్రక్కు వచ్చి కొట్టు ముందు ఆగింది. పైన నిచ్చెన, లోపల రంగు డబ్బాలు. పెరీ కబురు పెడితే వచ్చిన, బోర్డులు రాసే ఎల్డన్ దిగాడు. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట మెత్తన. ఒహాయో నుంచి కిందటి శిశిరంలోనే ఈ ఊరొచ్చాడు. పాత రాతగాడు కళ్లు కనబడక మానేస్తే ఆ పనులన్నీ ఇతనికి దక్కాయి.

పెరీ ఏప్రాన్‌తోనే బయటికొచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. బన్నులన్నీ ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా వరసగా పేర్చుకుని, రెండో చేత్తో టకటకా నింపుకుంటూ పోయే మనిషి. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నది అది. ఆ చేతులు ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక ఏప్రాన్‌ని నలుపుతున్నాయి.

బ్లాంచ్ గుమ్మంలోకి వచ్చింది. ఎమిల్ గ్లాసుతో సహా వచ్చాడు. సోలాంజ్ రాలేదు. కిటికీలోంచి మాత్రం చూస్తోంది.

"నేనేం తప్పు చేశానో చెప్పండి సార్," అన్నాడు ఎల్డన్. "మీరు ఫోన్లో ఏం చెప్పారో అదే రాశాను."

"ఏం చెప్పాను నేను?"

"పాతదాని లాగే, ఆల్ ది వే. అంతే అన్నారు. పెట్టేశారు."

"అన్నాను. ఎవరు కాదన్నారు? ఆల్ ది వే అంటే ఏమిటి?"

"ఏమిటి?"

పెరీ అతన్ని ఎగాదిగా చూశాడు. ఆల్ ది వే అంటే ఏమిటని తనని ఒక మనిషి అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "అన్నీ వెయ్యమని. ఆవముద్ద, ఖీమా, ఉల్లితరుగు, సెలరీ ఉప్పు. ఒక్కటి కూడా వదలకుండా. చంటిపిల్లాడు కూడా అలాగే అడుగుతాడు."

"బోర్డు మీదా?" అన్నాడు ఎల్డన్ బిత్తరపోయి.

"బోర్డు మీద ఉల్లిపాయలేమిటయ్యా. ఉన్నవన్నీ ఏదీ వదలకుండా రాయమని."

"పాత బోర్డు సగం పెచ్చులూడిపోయి ఉంది సార్. పడమటెండకి ఆ వైపు ఒక్క అక్షరం మిగల్లేదు. మీ పేరు కనబడింది, వీనర్స్ కనబడింది. మిగతా సగంలో ఆల్ ది వే అని రాయాలి కాబోలు అనుకున్నాను. దానికి ఆ చివరిదాకా అని కూడా అర్థం వస్తుంది కదా. అందుకే అక్షరాలు సాగదీసి, ఆ చివరిదాకా రాశాను."

బ్లాంచ్ గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎమిల్ నవ్వి నవ్వి గ్లాసు వొలకబోసుకున్నాడు.

"ఒహాయో వాడికి ఫోన్లో వీనర్ ఆర్డరిచ్చావన్నమాట పెరీ."

"నయం, కాఫీ క్యాబినెట్ అనలేదు. బీరువా చేసి పట్టుకొచ్చేవాడు," అంది బ్లాంచ్ కళ్లు తుడుచుకుంటూ.

కిటికీలో సోలాంజ్ కూడా నవ్వింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. పెరీ అది చూశాడు. చూసేసరికి మనిషికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా సోలీ? గురువారం నుంచి మొత్తుకుంటున్నాను, నేను తీయించలేదు మొర్రో అని. విన్నావా?"

"సరే. నువ్వు తీయించలేదు. ఒప్పుకున్నాను."

"అయితే ఇంక గడియ తియ్యి."

"ఆగు," అంది సోలాంజ్. నవ్వు ఇంకా మొహం మీద ఉంది గానీ గొంతులో లేదు. "బోర్డు పెట్టింది గురువారం పొద్దున. నేనొచ్చింది మధ్యాహ్నం. పొద్దుటంతా నువ్విక్కడే ఉన్నావు. నిచ్చెన పట్టుకున్నది కూడా నువ్వేనని బ్లాంచ్ చెప్పింది."

బ్లాంచ్ నవ్వడం మానేసింది.

"పట్టుకున్నాను," అన్నాడు పెరీ.

"చదివావా?"

పెరీ ఏప్రాన్ నలపడం మళ్లీ మొదలుపెట్టాడు. అబద్ధం ఆడదామా అని ఆలోచించినట్టు కూడా లేదు. ఆ మనిషికి ఆ విద్య రాదు.

"చదివాను."

"చదివి?"

"బాగుందన్నాను."

"సగం లేదని కనబడలేదూ?"

"కనబడలేదు." పెరీ తలెత్తి బోర్డు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. "ఉన్నట్టే చదివాను సోలీ. ఒట్టు. ఇన్నేళ్లుగా చూస్తున్న బోర్డు. తలెత్తగానే రెండు పేర్లూ వాటంతటవే నోట్లోకొస్తాయి. అక్కడ ఏం రాసి ఉందో చూడలేదు. నాకు తెలిసింది నేను చదువుకున్నాను."

బ్లాంచ్ గుండె మీద చెయ్యేసుకుంది. "విన్నావుటే? బోర్డు మీద లేకపోయినా మనసులో ఉందిట. ఇంతకంటే ఏం చెప్పాలే మొగుడు?"

సోలాంజ్ కిటికీ చట్టం తుడిచింది. శుభ్రంగా ఉన్న చట్టాన్నే ఇంకోసారి తుడిచింది.

"అంటే పేరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే నీకు," అంది.

ఎమిల్ గ్లాసులో స్ట్రాతో చప్పుడు చేయబోయి మానుకున్నాడు. మగవాడు నిజం చెప్పి చిక్కుల్లో పడడం అరుదు. పడితే మాత్రం తేలికగా లేవలేడు.

"నేనన్నది అది కాదు," అన్నాడు పెరీ చివరికి.

"నువ్వన్నదేమిటో నాకు తెలిసింది. నీకే తెలియలేదు."

ఒక పిల్ల చట్టం మీదికి మునివేళ్ల మీద లేచి, స్ట్రాబెర్రీ కావాలంది. కాదు, చాక్లెట్ అంది. సోలాంజ్ చెంచా నీళ్లలో ముంచింది.

*

కొంతసేపటికి మధ్య తలుపు అవతల పెరీ గొంతు వినిపించింది. గట్టిగా కాదు. రద్దీ కాస్త సద్దుమణిగింది కాబట్టి వినిపించింది.

"సోలీ."

సోలాంజ్ బిస్కెట్ కోన్లు ఒకదాంట్లో ఒకటి పేర్చుతోంది.

"ఎల్డన్‌తో చెప్పాను. ఆ ఆల్ ది వే మీద తెల్లరంగు కొట్టేసి మళ్లీ రాయమన్నాను. ఏం రాయాలో నిన్నడగమన్నాను. పెపే వచ్చేలోగా అయిపోవాలని చెప్పాను."

పెపే అంటే ఆ ఊళ్లో తాతయ్య. సోలాంజ్ నాన్న ఓవిలాని ఊరంతా అలాగే పిలుస్తారు. ఏటా ఈ రోజున చర్చిలో పూజ అయ్యాక ఆయన నడుచుకుంటూ వచ్చి ఒక ఐస్‌క్రీమ్ తిని వెళతాడు.

"వింటున్నావా?"

"వింటున్నాను. చెవులున్నాయిగా."

అవతల వీనర్ల పెనం చిటపటలాడింది.

"జనవరిలో అన్న మాట కూడా తప్పే."

కోన్లు పేర్చే చెయ్యి ఆగింది. "ఏ మాట?"

"నీకు తెలుసు."

"నీ నోటితో చెప్పు."

"ఐస్‌క్రీమ్ తర్వాత మాట అన్నాను. నువ్వు విన్నావని నాకప్పుడే తెలుసు. బట్టలు మడతపెట్టే చప్పుడు ఎక్కువైంది."

"తెలిసి ఇన్నాళ్లూ ఊరుకున్నావా?"

"నువ్వు ఊరుకుంటే నేనూ ఊరుకున్నాను. మర్చిపోయావేమో అనుకున్నాను."

"నేనా?"

"అవునులే. నువ్వా," అన్నాడు పెరీ. తర్వాత, సంగతి సర్దుకుంటోందన్న ధైర్యంతో, ఊరుకుంటే పోయేదానికి ఇంకో మాట కలిపాడు. "అయినా నేను చెప్పిందాంట్లో అబద్ధం ఏముందే? ఐస్‌క్రీమ్ నిజంగా తర్వాతే కదా తింటారు?"

సోలాంజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొట్ట కదిలేలా నవ్వింది, చప్పుడు మాత్రం రానివ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి మీద కోపం పూర్తిగా నిలబెట్టుకోవడం ఒక్కసారి కూడా ఆమె వల్ల కాలేదు. దాని మీద కూడా ఆమెకి అప్పుడప్పుడు కోపం వస్తుంది.

"నవ్వుతున్నావు," అన్నాడు పెరీ అవతల నుంచి.

"దగ్గు."

"గడియ తీస్తావా?"

"బయట పనుంది," అని ఆమె చేతులు కడుక్కుంది.

*

వాన వెలిసింది. వీధి అంతా కడిగినట్టుంది. నది వైపు నుంచి చల్లగాలి వస్తోంది. ఎల్డన్ నిచ్చెన మీద నుంచి వంగి చూశాడు. ఆల్ ది వే ఉన్న చోటంతా తెల్లగా మారిపోయింది.

"త్వరగా ఆరే రంగు మేడమ్. ఈ గాలికి ఇంకా త్వరగా ఆరింది. తెరియో ఐస్‌క్రీమ్ అనే కదా? ఒక్కో అక్షరం చెప్పండి, ఈసారి తప్పు రానివ్వను."

సోలాంజ్ నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచి బడిలో, బ్యాంకులో, ఆస్పత్రిలో, ఎవరడిగినా గడగడా చెప్పే అక్షరాలవి. మొదటి అక్షరం నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

తెరియో అంటే ఎవరు? నాన్న. కరాలిస్ అంటే పెరీ కాదు, పెరీ వాళ్ల నాన్న. ఇద్దరూ ఇక్కడ నిలబడడం మానేసి ఎంతకాలమైందో. నాన్న చేసినవి నాలుగు రకాలు. వెనిలా, చాక్లెట్, స్ట్రాబెర్రీ, మేపుల్. "నాలుగు చాలు, మనుషులకి ఎన్ని నోళ్లుంటాయి?" అనేవాడు. పక్క ఊళ్ల నుంచి కార్లేసుకుని వచ్చేది కాఫీ ఐస్‌క్రీమ్ కోసం. అది ఆమె చేసింది. ఎన్ని సార్లు చెడగొట్టి, ఎన్నిసార్లు పారబోసి చేసిందో పెరీకి తెలుసు, పారబోసింది అతనే కాబట్టి. చర్చి పుస్తకంలో ఆమె తెరియో కూతురు. ప్రభుత్వం వాళ్ల దగ్గర కరాలిస్ భార్య. గురువారం నుంచి నా పేరు లేదు, నా పేరు లేదు అని ఏడుస్తోందే, పాత బోర్డు మీద మాత్రం ఆమె పేరెక్కడుంది?

ఈ ఆలోచన ఆమెకి ఇంతకు ముందు ఎందుకు రాలేదో ఆశ్చర్యం వేసింది. పెరీ లేని పేరుని ఉన్నట్టు చదివాడు. తను కూడా అదే పని చేసింది కదా.

"సోలాంజ్ అని రాయి," అంది.

"ఏమిటండీ?"

"నా పేరు. సోలాంజ్ ఐస్‌క్రీమ్."

ఎల్డన్ తల ఊపి, పాత రంగు మరకలున్న నీలి సుద్దముక్క తీసి సన్నటి గీతలతో అక్షరాల ఆకారం గీశాడు. ఆమె ఒక్కొక్క అక్షరం చెబుతూ ఉంటే గీశాడు. దగ్గరికెళ్లి చూస్తే తప్ప కనబడని గీతలవి. "మంచి పేరు మేడమ్. మొదటి అక్షరంలోనే చెయ్యి రెండు మెలికలు తిరుగుతుంది. మాకు అలాంటివి రాయడమంటే సరదా."

పెరీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి తొందరపడలేదు. నిచ్చెన పక్కకి వెళ్లి, మెడ వెనక్కి వంచి, పెదాలు కదుపుతూ, బడిపిల్లాడిలా ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కున్నాడు.

"సో, లాంజ్."

"ఏం? బాగా లేదా?"

"ఉండు, చదువుతున్నాను." మళ్లీ మొదటి నుంచి చదివాడు. "బాగుంది. చాలా బాగుంది. ఈసారి అక్కడున్నదే చదివాను, కావాలంటే బ్లాంచ్‌ని అడుగు."

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి గాలి కారణం కాదు. ఆ పొద్దుట ఆమెకి అంత సంతోషం కలిగింది.

"ఇప్పుడైనా గడియ?" అన్నాడు పెరీ.

"పేరు రాయడం అవనీ. నా పేరు అక్కడికెక్కాక నేనే తీస్తాను."

"మాటేనా?"

"మాటే. లోపలికి పో, ఉల్లిపాయలు మాడుతున్నాయి."

పెరీ కదల్లేదు. ఎల్డన్ కుంచె ఎర్రరంగులో ముంచి, డబ్బా అంచుకి రాసి, నిచ్చెన మీద ఇంకో మెట్టు ఎక్కాడు.

అప్పుడు వీధి మలుపులో చేతికర్ర చప్పుడు వినబడింది.

ఓవిలా తెరియో వస్తున్నాడు. నల్ల కోటు, మెడకి టై, తడవకుండా కాగితం చుట్టిన టోపీ. ప్రతి కొట్టు ముందూ ఆగి లోపలున్నవాళ్లకి చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. గురువారం రాత్రి పెరీ మీద సోలాంజ్ అరిచిన మొదటి మాటే, నాన్న వచ్చి చూస్తే ఏం చెప్పను అని. ఆ నాన్న సంగతే ఈ గంటలో ఆమె మర్చిపోయింది.

ముసలాయన నిచ్చెన కింద ఆగాడు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి తలెత్తాడు. ఇటువైపు కరాలిస్. అటువైపు తెల్లగా, ఖాళీగా. సుద్దగీతలు ఆయన కళ్లకి ఆనవు.

చాలాసేపు చూశాడు.

"ఏమోయ్ పెరీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే సోలాంజ్‌కి భరించడం కష్టమైంది. "నా పేరు ఏమైంది?"

"నాన్నా," అని ఒక అడుగు వేసింది సోలాంజ్. నేనే వద్దన్నాను నాన్నా అనాలా? నీది తీసి నాది పెట్టాను అనాలా? అబద్ధం ఆడలేదు, నిజం నోట్లోంచి రాలేదు.

పెరీ ఆమె మొహం చూశాడు. ముసలాయన మొహం చూశాడు. అబద్ధాలాడడం తెలియని ఆ మనిషి, ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని, చటుక్కున ముందుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమీ కాలేదు పెపే. పాతది వెలిసిపోయిందని చెరిపించి మళ్లీ రాయిస్తున్నాం. మీ పేరే. ఇంకెవరి పేరు రాస్తాం?"

ఓవిలా మొహం మెల్లగా విప్పారింది. కూతురి వైపు తిరిగి ఆమె చెంప మీద చల్లటి చెయ్యి వేశాడు.

"నాకు తెలుసులేవే. ఒక్క నిమిషం భయపడ్డాను, అంతే. సోలీ ఉండగా నా పేరెక్కడికి పోతుంది?"

కర్ర పోటేసుకుంటూ లోపలికి నడిచాడు. ఎమిల్ లేచి ఆయనకి స్టూలు జరిపాడు. ఊళ్లోవాళ్లు పెపే, పెపే అని పలకరిస్తున్నారు. "అక్షరాలు పెద్దవిగా రాయించండి," అని ఆయన లోపలి నుంచి చెప్పడం వినబడింది.

పెరీ సోలాంజ్ వైపు చూశాడు. చెమట పట్టిన మొహం మీద, ఎలా గట్టెక్కించానో చూశావా అన్న తృప్తి. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. ఆ అబద్ధం ఆయన కోసం ఆడాడు, ఆమె కోసం ఆడాడు, ప్రేమతోనే ఆడాడు. అందుకే ఆమెకి కోపం కూడా రాలేదు. వచ్చి ఉంటే తేలికగా ఉండేది.

నిచ్చెన మీద ఎల్డన్ ఎర్రటి కుంచె సుద్దగీత ముందు ఆపి పట్టుకున్నాడు. లోపలికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, ఇప్పుడు ఎవరి పేరు రాయమంటారు?"